రన్‌వేకి 800 అడుగుల ఇవతల: శాంటా మోనికా కేసు, మా ట్రైనింగ్‌లో దాని పాఠం

కొత్త పైలట్లకు నేల మీద పాఠం చెప్పే గ్రౌండ్ క్లాసులో, బోర్డు మీద నేనొక గీత గీసి, దాని చివర పచ్చ సుద్దతో ఒక మడి వేస్తాను. గీత రన్‌వే. ఆ పచ్చది గోల్ఫ్ కోర్సు. చుట్టూ అంతా ఇళ్లు. "ఇక్కణ్ణుంచి లేచారు. ఇదిగో, 900 అడుగుల పైన ఇంజిన్ పోయింది. ఎక్కడ దిగుతావు? వచ్చి వేలు పెట్టి చూపించు" అంటాను. వచ్చిన ట్రెయినీల్లో దాదాపు అందరి వేలూ వెనక్కి, రన్‌వే మీదికే పోతుంది. అది తప్పు పట్టాల్సిన విషయం కాదు. ఇంత పొడుగున తారు రోడ్డు, పక్కనే ఫైరింజను, అంబులెన్సు, తెలిసిన మనుషులు ఉన్నారంటే ఎవరి ప్రాణమైనా అటే లాగుతుంది. ఆ లాగుడు ఎంత బలమైనదో అనుభవంలోకి తేవడం, ఎప్పుడు దాన్ని తెంచుకోవాలో నేర్పడం నా పనిలో పెద్ద భాగం.

అందుకు నేను వాడుకునే కేసు ఇది. సింగిల్ ఇంజిన్ విమానం, లేచిన కాసేపటికే ఇంజిన్ పోవడం, వెనక్కి తిరిగే ప్రయత్నం, రన్‌వే అందకపోవడం, అయినా మనిషి బతకడం. అమెరికా రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు కూడా పూర్తయింది కాబట్టి ఊహలతో పని లేదు. పైలట్ చేతిలో ఉన్నదేమిటి, మెకానిక్ చేతిలో ఉన్నదేమిటి, ఎన్నో ఏళ్ల కిందట సీటుకి బెల్టు బిగించినవాళ్ల చేతిలో ఉన్నదేమిటి, ఈ మూడూ ఇందులో విడివిడిగా కనిపిస్తాయి.

ఆ మధ్యాహ్నం

2015 మార్చి 5, మధ్యాహ్నం 2 గంటల 20 నిమిషాల ప్రాంతం. కాలిఫోర్నియాలోని శాంటా మోనికా ఎయిర్‌పోర్టు. పైలట్ హారిసన్ ఫోర్డ్. హాలీవుడ్ నటుడిగా మనకు తెలిసిన మనిషే. ఏళ్ల తరబడి సొంత విమానాలు నడుపుతున్నవారు. అప్పటికి ఆయన వయసు 72. పుట్టింది 1942లో. ఆ విమానం తయారైందీ 1942లోనే.

విమానం పేరు ర్యాన్ ఎస్‌టీ3కేఆర్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కొత్త కుర్రాళ్లకు విమానం నేర్పడానికి వాడిన పీటీ-22 ఇదే. ముందొకరు వెనకొకరు కూర్చునే రెండు సీట్లు. పైన కప్పు ఉండదు. రెక్కలు కింద ఉంటాయి, వాటిని బిగించి పట్టే తీగలు బయటికి కనిపిస్తుంటాయి. చక్రాలు లోపలికి ముడుచుకోవు. ముక్కులో గుండ్రంగా అమర్చిన అయిదు సిలిండర్ల కిన్నర్ ఇంజిన్, 160 హార్స్‌పవర్. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఇవన్నీ చూడముచ్చటగా ఉంటాయి. అది ఆగిన క్షణం నుంచి ఆ తీగలు, ఆ కాళ్లు, తెరిచి ఉన్న సిలిండర్లు అన్నీ గాలికి అడ్డం పడి విమానాన్ని వెనక్కి లాగుతాయి. మనం ట్రైనింగ్‌లో నడిపే చిన్న విమానం సెస్నా 172లా దూరం సాగే విమానం కాదది.

రన్‌వే 21 మీంచి నైరుతి దిక్కుగా, సముద్రం వైపు లేచారు. సముద్ర మట్టానికి 1,100 అడుగులు దాటుతుండగా పవర్ పోయింది. ఆ ఎయిర్‌పోర్టే సుమారు 175 అడుగుల ఎత్తులో ఉంది. అంటే ఆయనకీ ఎయిర్‌పోర్టు నేలకీ మధ్య మిగిలింది 925 అడుగులు. ఆల్టీమీటర్‌లో కనిపించే 1,100 కాదు, ఈ 925 మాత్రమే ఆయన సొమ్ము. నేను బోర్డు మీద ఈ తీసివేత చేసి, దాని కింద రెండు గీతలు గీస్తాను. ఎందుకంటే మా వాళ్లు తరచూ సూది చూపించే అంకెనే చేతిలో ఉన్న ఎత్తు అనుకుంటారు.

ఇంజిన్‌ని తిరిగి లేపే ప్రయత్నం ఆయన చేయలేదు. గంటకు 85 మైళ్ల స్పీడు, అంటే సుమారు 74 నాట్లు, పట్టుకున్నారు. ఇంజిన్ పోయిందని, వెంటనే వెనక్కి వస్తున్నానని టవర్‌కి చెప్పారు. ఎడమకు తిప్పారు. లేచిన రన్‌వేకే అవతలి కొనని రన్‌వే 3 అంటారు. ఆయన దిగాలనుకున్నది అటు నుంచి. తిరిగి వస్తుండగా అర్థమైంది, అందదు అని. విమానం ఒక ఎత్తైన చెట్టు కొసని తాకి, పెన్‌మార్ గోల్ఫ్ కోర్సు ఖాళీ జాగాలో పడింది. రన్‌వే 3 మొదలు నుంచి అది నైరుతిగా సుమారు 800 అడుగులు. కింద ఎవరికీ ఏమీ కాలేదు. ఆయనకు గట్టి దెబ్బలే తగిలాయి, కానీ బతికారు. కోలుకుని మళ్లీ విమానం నడిపారు.

వెనక్కి తిరగడం తప్పా?

క్లాసులో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. నేను అవును అనీ అనను, కాదు అనీ అనను. లెక్క వేయిస్తాను.

మా సెస్నా 172 తీసుకుందాం. ఇంజిన్ లేకుండా 65 నాట్ల మీద అది ఒక అడుగు దిగేలోపు సుమారు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. నిమిషానికి 730 అడుగుల చొప్పున దిగుతున్నట్టు. ఇది తిన్నగా పోతున్నప్పటి మాట. మలుపు తిప్పితే రెక్క మీద భారం పెరుగుతుంది, దిగే వేగమూ పెరుగుతుంది. 45 డిగ్రీల బ్యాంక్‌లో, అంటే విమానాన్ని అంత పక్కకి వాల్చి తిప్పితే, అది నిమిషానికి 1,200 అడుగులు దాటుతుంది. స్టాల్ స్పీడు, అంటే అంతకంటే తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని స్పీడు, అది కూడా పైకి జరుగుతుంది: 30 డిగ్రీల బ్యాంక్‌లో 7 శాతం, 45లో 19 శాతం, 60లో 41 శాతం. ఎంత గట్టిగా తిప్పితే అంత తొందరగా తిరుగుతాం, కానీ స్టాల్‌కి అంత దగ్గరగా జరుగుతాం.

వెనక్కి తిరగడమంటే 180 డిగ్రీలని అందరూ అనుకుంటారు. కాదు. 180 తిరిగితే రన్‌వేకి సమాంతరంగా, పక్కన ఎక్కడో ఉంటాం. దాని మీదికి రావాలంటే ఇంకా తిరగాలి, మళ్లీ ఇటు సర్దుకోవాలి. మొత్తం 270 డిగ్రీల పని. 45 డిగ్రీల బ్యాంక్‌లో దానికి 16 సెకన్లు, 330 అడుగులు. 30 డిగ్రీల బ్యాంక్‌లో 28 సెకన్లు, 420 అడుగులు. ఇది కాగితం మీది లెక్క. ఇంజిన్ ఆగిందన్న సంగతి బుర్రకెక్కడానికి పట్టే మూడు నాలుగు సెకన్లు ఇందులో లేవు. ఆ సెకన్లలో ముక్కు ఇంకా పైకే ఉంటుంది, స్పీడు కారిపోతుంటుంది. అదే అన్నిటికంటే ఖరీదైన నష్టం.

గాలి సంగతి కూడా చూడాలి. గాలికి ఎదురుగా లేస్తాం కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది. రన్‌వే అందడానికి అది సాయమే. కానీ 10 నాట్ల గాలి ఉంటే, 65 మీద గ్లైడ్ చేస్తున్న, అంటే ఇంజిన్ లేకుండా జారి దిగుతున్న విమానం, గాలికి ఎదురుగా అయితే నేల మీద 55తో దిగాల్సింది 75తో దిగుతుంది. తగిలే దెబ్బ స్పీడు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది దాదాపు రెట్టింపు. పైగా నేల దగ్గర పడేకొద్దీ చెట్లు, ఇళ్లు జర్రున వెనక్కి పోతుంటే కంటికి చాలా స్పీడుగా పోతున్నట్టుంటుంది. గాలిలో మన స్పీడు మాత్రం అంతే ఉంటుంది, లేదా తగ్గుతూ ఉంటుంది. కన్ను చెప్పింది నమ్మి చెయ్యి యోక్‌ని, అంటే ముక్కు ఎత్తే స్టీరింగుని, లాగుతుంది. రన్‌వే ఇంకా పక్కకి ఉందని కాలు ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్‌ని కాస్త ఎక్కువ తొక్కుతుంది. లోపలి రెక్క ముందు స్టాల్ అవుతుంది, విమానం అటు తిరగబడి గింగిరాలు తిరుగుతుంది. 300 అడుగుల్లో దాన్నుంచి బయటపడే చోటు లేదు.

ఇప్పుడు శాంటా మోనికాకి వద్దాం. 925 అడుగులు, గాలిలో సరిగ్గా సాగని పాత విమానం, ముందు ఇళ్లు, వాటి తర్వాత సముద్రం. తిరగాలన్న నిర్ణయాన్ని నేను తప్పు పట్టను. ఆ తిరుగుడు ఆయన్ని ఆ నగరంలో రన్‌వే కాక మిగిలిన ఖాళీ చోటుకి కూడా దగ్గర చేసింది. నేను క్లాసులో ఆగి, మళ్లీ మళ్లీ చూపించేది తర్వాతి ఘట్టం. రన్‌వే ఎదురుగా కనిపిస్తోంది. మిగిలింది 800 అడుగులు, అంటే పావు కిలోమీటరు కూడా కాదు. అక్కడ ముక్కు ఇంకొంచెం ఎత్తితే అందుతుందేమో అనిపిస్తుంది. అనిపించి తీరుతుంది. ముక్కు ఎత్తితే గ్లైడ్ సాగదు, ఉత్తమ గ్లైడ్ స్పీడు నుంచి ఎటు జరిగినా దూరం తగ్గుతుందే కానీ పెరగదు. ఆ సంగతి చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. తెలిసి కూడా ఎత్తి, పోయినవాళ్లున్నారు. ఈయన రన్‌వేని వదిలేసుకున్నారు. చెట్టుకి తగిలినా, రెక్కలు ఇంకా ఎగురుతున్న విమానంలోనే నేలకి చేరారు. ముక్కు నేలకి గుచ్చుకుని పడిన విమానం కాదది.

నా దృష్టిలో ఆయన ప్రాణం నిలిపిన నిర్ణయం వెనక్కి తిరగడం కాదు. తిరిగాక కూడా అందదని తెలిసినప్పుడు రన్‌వే మీద ఆశ చంపుకోవడం.

మేం చేసే అభ్యాసం

ఇది మాటలతో వచ్చే విద్య కాదు. 3,000 అడుగుల పైన, కింద ఊరు లేని చోట చేయిస్తాం. ఒక ఎత్తుని నేల అనుకుందాం అంటాను. పైకి ఎక్కుతూ ఉండగా, ఇంజిన్ పవర్‌ని పెంచి తగ్గించే థ్రాటిల్ వెనక్కి లాగేస్తాను.

కిందటేడు కరీంనగర్ వైపు కుర్రాడొకడు, చెయ్యి చాలా నిలకడైనది, మొదటిసారి చేశాడు. నేను థ్రాటిల్ లాగాక అతను చేసిన మొదటి పని నా వంక చూడడం. ఆ చూపుకే రెండు సెకన్లు పోయాయి. ముక్కు అలాగే పైకుంది. స్పీడు 74 నుంచి 60కి జారింది.

"ముక్కు, ముక్కు" అన్నాను.

తోశాడు, కానీ భయంభయంగా. అప్పుడే తిప్పడం మొదలుపెట్టాడు. సగం మలుపులో ఉండగా అడిగాడు. "సార్, రన్‌వే అనుకున్న రోడ్డు కనబడుతోంది సార్. కొంచెం లాగితే..."

"లాగు" అన్నాను. ఆ ఎత్తులో లాగనివ్వచ్చు. స్టాల్ హారన్ మూలిగింది, విమానం వణికింది, ఎడమ రెక్క వాలింది. సరిచేసి పైకి వచ్చాక ఎంత ఎత్తు పోయిందో తననే చదవమన్నాను. 700 అడుగుల పైచిలుకు. కాగితం మీద 330 అని లెక్క వేసింది అతనే. ఆ పూట అతనికి నేను ఇంకేమీ చెప్పలేదు. కిందికి దిగాక తన లాగ్‌బుక్ వెనక పేజీలో ఆ అంకె రాసుకుని, కింద తేదీ వేసుకున్నాడు.

అప్పటినుంచి మా దగ్గర ప్రతి టేకాఫ్‌కి ముందు, బ్రేకులు వదలకముందు, గట్టిగా పైకి చెప్పాల్సిన మాటలున్నాయి. రన్‌వే మీద ఉండగా ఏదైనా తేడా వస్తే థ్రాటిల్ మూసి ఆపుతాను. లేచాక ముందు రన్‌వే మిగిలుంటే దాని మీదే దిగుతాను. అది లేకపోతే, ఫలానా ఎత్తు దాకా ముందుకే, ఎడమకో కుడికో 30 డిగ్రీల లోపు, ఫలానా చోట దిగుతాను. ఆ ఎత్తు దాటాకే తిరగడం గురించి ఆలోచిస్తాను, ఇవ్వాళ గాలి ఇటు నుంచి కాబట్టి ఇటే తిరుగుతాను. ఆ "ఫలానా" దగ్గర నిజమైన అంకె, నిజమైన చోటు పేరు పెట్టి చెప్పాలి. ఆ అంకె పుస్తకంలోది కాదు. ఎవరికి వాళ్లు పైన చేసి చూసుకున్న నష్టానికి సగం కలిపితే వచ్చేది. కరీంనగర్ కుర్రాడికి అది వెయ్యి దాటింది. పర్వాలేదు, అదే అతని అంకె.

పైకి ఎందుకు చెప్పాలంటే, ఇంజిన్ ఆగాక మనిషి కొత్తగా ఆలోచించలేడు. ముందే అనుకున్నది మాత్రం చేయగలడు.

ఆ ఎత్తులో ఇంజిన్‌ని బాగుచేసుకునే ప్రయత్నం సంగతి. 3,000 అడుగుల పైన ఆగితే టైముంది: స్పీడు పట్టు, చోటు చూసుకో, ఆ తర్వాత ఫ్యూయల్ సెలెక్టర్ (ఏ ట్యాంకు పెట్రోలు రావాలో తిప్పేది), మిక్స్చర్ (గాలిలో పెట్రోలు పాలు మార్చేది), మేగ్నెటోలు (సిలిండర్లకు నిప్పురవ్వ ఇచ్చేవి), కార్బొరేటర్ ఉన్న విమానమైతే కార్బ్ హీట్ (దానికి వేడి గాలి పంపేది). మన దగ్గర వేడి కాబట్టి కార్బొరేటర్‌లో మంచు పట్టదని చాలామంది నమ్మకం. అది తప్పు. గాలిలో తేమ బాగా ఉంటే బయట 25 డిగ్రీలున్నా పడుతుంది, ముఖ్యంగా పవర్ తగ్గించి దిగుతున్నప్పుడు. వానాకాలం వెళ్లాక వచ్చే తేమ పొద్దులు అందుకు సరిగ్గా సరిపోతాయి. కానీ 900 అడుగుల దగ్గర ఆగితే చెయ్యి ఒక్కసారి అటు పోయి వస్తే చాలు. కళ్లు లోపలికి రాకూడదు. రేడియో ఇంకా తర్వాత. టవర్ మనల్ని దింపలేదు.

జెట్

ఇంజిన్ ఎందుకు పోయింది? ఈ భాగం మా మెకానిక్కులకు చెప్పినప్పుడు వాళ్లు నాకంటే తొందరగా పట్టుకున్నారు.

పాత బండ్లు నడిపిన ఎవరికైనా కార్బొరేటర్ జెట్ అంటే తెలుసు. మర మీద బిగించే చిన్న ముక్క, మధ్యలో సన్నటి రంధ్రం. ఎంత పెట్రోలు పోవాలో ఆ రంధ్రమే కొలిచి పంపుతుంది. బండి నల్లపొగ కక్కుతూ లాగకపోతే మెకానిక్ ముందు చూసేది దాన్నే. ఫోర్డ్ విమానం కార్బొరేటర్‌లోనూ అలాంటి మెయిన్ జెట్ ఉంది. అది తన చోటు నుంచి మర విప్పుకుని, 90 డిగ్రీలు తిరిగి ఉండడం దర్యాప్తులో కనిపించింది. కొలత తప్పి పెట్రోలు ఎక్కువగా పోయింది. మిశ్రమం బాగా చిక్కబడితే నిప్పు అంటుకోదు. గాలి, పెట్రోలు బరువులో 15కి 1 దగ్గర ఉంటే పూర్తిగా మండుతుంది, 12 లేదా 13కి 1 దగ్గర ఎక్కువ పవర్ వస్తుంది, 8కి 1 కంటే చిక్కబడితే ఇక మండడమే కష్టం.

ఇక్కడ నన్ను ఆలోచనలో పడేసిన విషయం ఒకటుంది. పైలట్లం ఇంజిన్ ఆగిందంటే పెట్రోలు అందలేదనే అనుకుంటాం. మన చెక్‌లిస్టులో సగం అందకపోవడం గురించే: సెలెక్టర్ తిప్పు, పంప్ వెయ్యి, మిక్స్చర్ పూర్తిగా లోపలికి తొయ్యి. ఈ కేసులో జరిగింది దానికి తలకిందులు. పెట్రోలు ఎక్కువై ఆగింది. కిందపడ్డాక, విప్పి చూసేదాకా అది ఎవరికీ తెలిసే మార్గం లేదు. 925 అడుగుల పైన కూర్చుని రోగం ఏమిటో కనిపెట్టబోతే, తప్పు రోగానికి మందు వేస్తూ ఎత్తు పోగొట్టుకుంటాం.

జెట్ ఒక్క రోజులో ఊడలేదు. ఆ కార్బొరేటర్‌ని విమానం పునరుద్ధరణ సమయంలో, ప్రమాదానికి సుమారు 17 ఏళ్ల ముందు, కొత్తగా కట్టి బిగించారు. కొద్దికొద్దిగా వదులై ఉండొచ్చని దర్యాప్తు తేల్చింది. అన్నిటికంటే ముఖ్యం, ఆ జెట్‌ని ఎప్పటికప్పుడు చూడాలని మెయింటెనెన్స్ పుస్తకంలోనే లేదు. ఎవరూ పని ఎగ్గొట్టలేదు. రాసి లేని పని ఎవరూ చేయలేదు, అంతే. పాత విమానం కొనుక్కుని తీరిక రోజుల్లో నడుపుకునే మిత్రులు దీన్ని మనసుకు ఎక్కించుకోవాలి. వార్షిక తనిఖీలో అన్నీ టిక్ పడ్డాయంటే, ఆ కాగితం మీద ఉన్నవన్నీ చూశారని అర్థం. కాగితం మీద లేనివి ఏమున్నాయి, చివరిసారి ఎప్పుడు విప్పారు అని యజమాని తానే అడగాలి. మా దగ్గర కార్బొరేటర్ ఉన్న విమానం ఒకటుంది. ఈ కేసు చదివాక మా మెకానిక్ దాని లాగ్‌బుక్ మొదటి పేజీ దాకా వెళ్లి, కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే బౌల్ చివరగా విప్పిన తేదీ వెతికి, పెన్సిల్‌తో అట్ట మీద రాసి పెట్టాడు.

బెల్టు

ఆ విమానంలో భుజాల మీంచి వచ్చే బెల్టులున్నాయి. 1942లో తయారైనప్పుడు ఉన్నవి కావు, తర్వాత వేసినవి. అమెరికాలో చిన్న విమానాల ముందు సీట్లకు భుజాల బెల్టు తప్పనిసరి అయింది 1978 జూలై 18 తర్వాత తయారైన వాటికే. కాబట్టి లేని చోట వేసుకోవడం మంచి పనే. కానీ వాటిని సీటు వీపు రేకు కింది భాగానికి బిగించారు, వెనక బలానికి పట్టీ ఏదీ వేయలేదు. నేలకి కొట్టుకున్నప్పుడు బెల్టు ఆ రేకుని చీల్చుకుని వచ్చేసి ఉంటుందని, దెబ్బలు అంత తీవ్రం కావడానికి అదీ ఒక కారణమని దర్యాప్తు చెప్పింది.

ఈ ముక్క దగ్గర నేను క్లాసులో టేపు తీసి నేల మీద పరుస్తాను. గంటకు 50 మైళ్లతో నేలకి చేరిన విమానం, ఒకే తీరుగా 9 జీ బలంతో, అంటే తన బరువుకి తొమ్మిది రెట్ల బలంతో, ఆగాలంటే ఎంత దూరం కావాలి? మూడు మీటర్ల లోపు. ఈ గది వెడల్పు కూడా అక్కర్లేదు. గంటకు 100 మైళ్లయితే దానికి నాలుగు రెట్లు. చిన్న విమానం అంత కొట్టుడుకి తట్టుకునేలా కడతారు, అందులో మనిషి కూడా తట్టుకోగలడు, కానీ ఒక షరతు మీద: ఆ మూడు మీటర్లూ అతను సీటుకి అంటుకుని ఉండాలి. బెల్టు వదులుగా ఉంటే విమానం ఆగాక మనిషి ఆగుతాడు, డ్యాష్‌బోర్డు మీద. రెక్కలు విరగనీ, చక్రాలు ఊడనీ, పంట నలగనీ. అవన్నీ మన తరఫున దెబ్బ తింటున్నట్టే. వీలైనంత తక్కువ స్పీడుతో, రెక్కలు సమంగా, అదుపులో నేలకి చేరడమే లక్ష్యం. విమానాన్ని కాపాడుకోవాలన్న తాపత్రయం ఆ క్షణాన వదిలేయాలి. ఇంజిన్ ఆగాక ఆ విమానం ఇన్సూరెన్స్‌వాళ్లది అనుకోమని మా ట్రెయినీలకు చెబుతాను.

నేలకి తగిలేముందు చేతులకు అలవాటు కావాల్సినవి కొన్ని: బెల్టులు బిగించి లాగడం, మిక్స్చర్ లాగేయడం, ఫ్యూయల్ మూసేయడం, మేగ్నెటోలు ఆపడం, తలుపు గడి తీసి కాస్త తెరిచి ఉంచడం. చట్రం వంగితే మూసిన తలుపు ఇక రాదు. కరెంటు మొత్తం ఆపే మాస్టర్ స్విచ్ మాత్రం చివర. 172లో ఫ్లాప్స్, అంటే తక్కువ స్పీడుతో దిగడానికి రెక్కల వెనక అంచున దించే పలకలు, కరెంటు మీద నడుస్తాయి. తొందరపడి మాస్టర్ ముందే ఆపేస్తే ఫ్లాప్స్ ఉన్నచోటే ఆగిపోతాయి, పది నాట్లు ఎక్కువతో దిగాల్సొస్తుంది.

మన నేల

శాంటా మోనికాలో గోల్ఫ్ కోర్సు దొరికింది. మనకు దొరికేవి వేరు, వాటి గురించి ఏ అమెరికా పుస్తకంలోనూ ఉండదు.

పైనుంచి చూస్తే అన్నిటికంటే చదునుగా, పచ్చగా, పెద్దగా కనిపించేది వరి మడి. ఆగస్టులో అది ఉచ్చు. నీళ్లు నిలిచిన మడిలో ముక్కు చక్రం దిగబడి విమానం బోర్లా పడుతుంది. ఊడ్చిన కొత్తలో ఆకాశం నీళ్లలో మెరుస్తుంది కాబట్టి తెలుస్తుంది; పైరు కమ్ముకున్నాక మెరుపు కనపడదు, నీళ్లుంటాయి. అదే పొలం కోత అయ్యాక, సంక్రాంతి ముందూ వెనకా, ఎండిన మోళ్లతో గట్టిగా ఉంటుంది. మన జిల్లాల్లో అంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. అయితే గట్లు చూసుకోవాలి. గట్టుకి అడ్డంగా కాదు, గట్టు వెంబడి పొడుగు ఎటుంటే అటు దిగాలి, గాలి కాస్త పక్కనుంచి వచ్చినా సరే. పత్తి చేలో సాళ్ల వెంబడి. మిర్చి, మొక్కజొన్న ఎత్తుని పైనుంచి అంచనా వేయలేం. పక్కన నిలబడ్డ మనిషో పశువో కనిపిస్తే పోల్చుకోవచ్చు. ఎండాకాలం చెరువు శిఖం బాగుంటుంది, నెర్రెలు విచ్చిన అంచు వైపు. మధ్యకి పోయేకొద్దీ బురద.

హైవే మీద నాకు ఆశ లేదు. డివైడరు, బోర్డులు, స్తంభాలు, లారీలు ఉంటాయి, పైగా కింద ఉన్నవాళ్లకి మనం వస్తున్న సంగతి తెలియదు.

గాలి ఎటో తెలుసుకోవడానికి పొలాల్లో పొగ ఉంటే అంతకంటే ఏమీ అక్కర్లేదు. లేకపోతే చెరువు చూడాలి. గాలి వచ్చే ఒడ్డు పక్క నీళ్లు అలల్లేకుండా నునుపుగా ఉంటాయి. తాటి మట్టలు కూడా చెబుతాయి, కానీ అవి కనిపించే ఎత్తుకి వచ్చేసరికి నిర్ణయం అయిపోయి ఉండాలి.

కరీంనగర్ కుర్రాడితో, అతను సోలోగా, అంటే ఒంటరిగా, నడిపేముందు చివరి ఫ్లైటు జనవరిలో. అనుమతి ఉన్న ట్రైనింగ్ ఏరియాలో, 2,500 అడుగుల పైన, అతను ఏదో చెబుతుండగా థ్రాటిల్ లాగాను. ఈసారి నా వంక చూడలేదు. ముక్కు కిందికి వచ్చింది, 65 దగ్గర సూది నిలిచింది, ఆ స్పీడు నిలిచేలా ట్రిమ్ చక్రం తిప్పాడు. ఎడమన కోసేసిన పొలాలు రెండు పక్కపక్కన ఉన్నాయి. దగ్గరిది వెడల్పుగా, నున్నగా ఉంది. నేనైతే అదే అనుకున్నాను. అతను దాన్ని దాటి రెండో దాని వైపు తిప్పాడు.

"అది ఎందుకు వదిలేశావు?"

"స్తంభాలున్నాయి సార్, ఆ గట్టు మీద. తీగలు కనపడట్లేదు గానీ మూడు స్తంభాలు వరసగా ఉన్నాయి."

తల తిప్పి చూశాను. తుమ్మ చెట్ల మధ్య, బూడిదరంగు సిమెంటు స్తంభాలు మూడు. మూడో దాని దగ్గర బోరు మోటారు గది. పొలానికి సరిగ్గా అడ్డంగా పోతోంది లైను. అతను రెండో పొలం మొదటి గట్టు మీదికి గురిపెట్టి, ఒక మెట్టు ఫ్లాప్స్ దించి, బెల్టు ఒకసారి లాగి చూసుకున్నాడు. 500 అడుగుల దగ్గర, ఇక అందుతుందని నాకు నమ్మకం కుదిరాక, థ్రాటిల్ ముందుకి తోశాను.